48 ఏళ్ల వయసులో 241 కిలోల బైక్: స్పెక్స్ షీట్‌లో కనిపించని అసలు టెస్ట్

ఈ సైట్‌లో నేను రాసేవి ఎక్కువగా ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూలే. ఈసారి చేతికొచ్చిన వస్తువు బరువు గ్రాముల్లో చెప్పేది కాదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650, కర్బ్ వెయిట్ 241 కిలోలు. నడిపే మనిషికి 48 ఏళ్లు. 2003లో సెకండ్ హ్యాండ్ యమహా ఆర్‌ఎక్స్ 100 అమ్మేశాక, 22 ఏళ్లపాటు కారు స్టీరింగ్ తప్ప ఇంకోటి పట్టుకోలేదు. ఇప్పుడు 6 నెలలుగా, దాదాపు 3,400 కిలోమీటర్లు దీని మీదే తిరిగాను.

"పెద్దాయన బైక్ కథ మాకెందుకు?" అంటారా? ఓసారి మీ ఇంట్లో చూడండి. ఈఎంఐలు తీరిపోయి, పిల్లలు కాలేజీకి వచ్చాక, మీ నాన్నో, బాబాయో, మేనమామో సిగ్నల్ దగ్గర ఆగిన పెద్ద బైక్‌ని కాస్త ఎక్కువసేపే చూస్తూ ఉంటారు. ఆయన కొనాలనుకున్న రోజు రివ్యూలు వెతికేది, వాట్సాప్‌లో లింకులు పంపేది మీరే. అందుకే ఇది మీకోసం రాస్తున్నా.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, వేగంగా వెళ్తున్నప్పుడు ఇప్పటి ఎలక్ట్రానిక్స్ చాలా సాయం చేస్తాయి. నడక వేగంలో మాత్రం ఆ 241 కిలోలకీ, మన కాళ్లకీ మధ్య ఏ చిప్పూ లేదు. చాలా ఏళ్ల తర్వాత బైక్ ఎక్కేవాళ్లు మొదట నేర్చుకోవాల్సింది ఆ నడక వేగాన్నే.

అప్పటి బండి, ఇప్పటి బండి

ఆర్‌ఎక్స్ 100 అంటే 98 సీసీ టూ-స్ట్రోక్ ఇంజిన్, 11 హార్స్ పవర్, బరువు సుమారు 100 కిలోలు. ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే. కిక్ కొడితేనే స్టార్ట్. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే వెనక చక్రం ఎత్తి పక్కకి జరిపేసేవాళ్లం. పార్కింగ్‌లో అడ్డంగా ఉంటే ఎవరో ఒకరు జరిపి పెట్టేవాళ్లు. బండి కాస్త అటూ ఇటూ ఒరిగినా ఒక కాలు ఆనిస్తే సరిపోయేది.

సూపర్ మీటియర్‌ని 2022 నవంబర్‌లో ఇటలీలోని ఈఐసీఎంఏ షోలో చూపించారు. 2023 జనవరిలో ఇండియా ధర ప్రకటించారు. 648 సీసీ ట్విన్ సిలిండర్ ఇంజిన్, 47 హార్స్ పవర్, 6 గేర్లు, ముందు 320 ఎంఎం డిస్క్, వెనక 300 ఎంఎం డిస్క్, డ్యూయల్ చానల్ ఏబీఎస్. సీటు ఎత్తు 740 ఎంఎం మాత్రమే కాబట్టి నాలాంటి మామూలు ఎత్తు మనిషికి రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనతాయి. ఈ బైక్ ఎంచుకోవడానికి మొదటి కారణం ఇదే. పవర్ నాకు రెండో విషయం.

పవర్ నాలుగు రెట్లు పెరిగిందని అందరూ భయపెడతారు. నిజానికి పవర్ మన కుడి మణికట్టు చెప్పినట్టు వింటుంది, మెల్లగా తిప్పితే మెల్లగానే వెళ్తుంది. బరువుకి అలాంటి స్విచ్ లేదు. బండి ఆగి ఉన్నా 241 కిలోలే. ట్యాంక్‌లో పట్టే 15.7 లీటర్ల పెట్రోలే దాదాపు 11-12 కిలోలు, అదీ ఎత్తులో ఉంటుంది.

ఎలక్ట్రానిక్స్ ఎంతవరకు?

22 ఏళ్లలో మారినదాన్ని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. మోటార్‌సైకిల్‌కి ఏబీఎస్ మొదట 1988లో బీఎండబ్ల్యూ కే100 మీద వచ్చింది. మన దేశంలో 2018 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన కొత్త మోడళ్లకి, 2019 ఏప్రిల్ 1 నుంచి అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్లకి కూడా ఏబీఎస్ తప్పనిసరి అయింది. అంటే 2003లో బండి వదిలేసిన నాలాంటివాళ్లకి ఇది పూర్తిగా కొత్త ఫీచర్. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు పట్టినా చక్రం లాక్ అవ్వదు. లివర్ కింద టకటకమని కొట్టుకుంటున్నట్టు అనిపిస్తుంది, బండి మాత్రం నిటారుగా ఆగుతుంది.

స్లిప్ అండ్ అసిస్ట్ క్లచ్ ఇంకో వరం. బండిని ముందుకి లాగేటప్పుడు క్లచ్ లోపలి క్యామ్‌లు ప్లేట్లని తామే గట్టిగా నొక్కుతాయి. అందుకే గట్టి స్ప్రింగులు అక్కర్లేదు, లివర్ తేలిగ్గా ఉంటుంది. గబుక్కున గేర్ తగ్గిస్తే వెనక చక్రం ఎగిరెగిరి పడకుండా అదే క్లచ్ కాస్త జారనిస్తుంది. 650 సీసీ బైక్ క్లచ్ అంటే చెయ్యి నొప్పి పుడుతుందనుకున్నా. పంజాగుట్ట ట్రాఫిక్‌లో కూడా ఆ ఇబ్బంది రాలేదు.

ఇంకొంచెం ఖరీదైన టెక్నాలజీ కావాలంటే ఐఎంయూ ఉన్న బైకులు ఉన్నాయి. మీ ఫోన్ అడ్డం తిప్పితే స్క్రీన్ తిరిగేది యాక్సిలరోమీటర్ వల్ల, గేమ్‌లో ఫోన్ వంచితే కారు మలుపు తిరిగేది దానికి గైరోస్కోప్ కూడా తోడవడం వల్ల. అదే జాతి సెన్సర్లు బైక్ ఎంత ఒరిగిందో కనిపెట్టి, మలుపులో బ్రేకు పట్టినా ఏబీఎస్ దానికి తగ్గట్టు పనిచేసేలా చేస్తాయి. కేటీఎం 390 అడ్వెంచర్ లాంటి వాటిలో ఈ కార్నరింగ్ ఏబీఎస్ ఉంది. సూపర్ మీటియర్‌లో లేదు.

ఇవన్నీ బండి కదులుతున్నప్పుడు పనికొచ్చేవే. నడక వేగానికి పడిపోయాక ఏబీఎస్ సాధారణంగా పక్కకి తప్పుకుంటుంది. యూ-టర్న్‌లో, పెట్రోల్ బంకులో, అపార్ట్‌మెంట్ ర్యాంప్ మీద, మిగిలేది మీరూ మీ కాళ్లూ.

దీనికి టెక్నాలజీలో పరిష్కారమే లేదా అంటే, ఉంది. హోండా గోల్డ్ వింగ్ డీసీటీ మోడల్‌లో వాకింగ్ మోడ్ అని ఉంది. బటన్ నొక్కితే బైక్ నెమ్మదిగా ముందుకీ వెనక్కీ కదులుతుంది. తనంతట తానే పడిపోకుండా నిలబడే రైడింగ్ అసిస్ట్ బైక్‌ని కూడా హోండా 2017లో సీఈఎస్ షోలో చూపించింది. మొదటిది మామూలు బడ్జెట్‌కి అందదు. రెండోది షోరూమ్‌కే రాలేదు.

5 డిగ్రీలు, 20 డిగ్రీలు

ఇప్పుడు చిన్న లెక్క. బైక్ బరువు కేంద్రం నేల నుంచి అర మీటరు ఎత్తులో ఉందనుకుందాం. మీరు హ్యాండిల్‌ని ఒక మీటరు ఎత్తులో పట్టుకున్నారనుకుందాం. ఆగి ఉన్న బైక్ 5 డిగ్రీలు ఒరిగితే, పడకుండా ఆపడానికి హ్యాండిల్ దగ్గర కావాల్సిన బలం సుమారు 10 కిలోలు. ఒక బియ్యం సంచి అంత. 10 డిగ్రీలకి సుమారు 21 కిలోలు. 20 డిగ్రీలకి 41 కిలోలు.

టైరు వెడల్పు, సస్పెన్షన్ లెక్కలోకి తీసుకుంటే అంకెలు కొంచెం మారతాయి గానీ సంగతి అదే. మొదటి కొన్ని డిగ్రీల్లో ఎవరైనా ఆపగలరు. ఆ గీత దాటితే జిమ్‌కి వెళ్లే కుర్రాడు కూడా ఆపలేడు. ఆర్‌ఎక్స్ 100 మీద అదే 20 డిగ్రీలకి 17 కిలోలు చాలు. 20 ఏళ్ల వయసులో "నేను బండి పడనివ్వను" అనుకున్న ధైర్యం వెనక ఉన్న అసలు అంకె ఇదే. ఆ ధైర్యం 241 కిలోలకి చెల్లదు.

కాబట్టి పెద్ద బైక్‌ని బలంతో ఆపాలని చూడకూడదు. ఆ గీత దాకా రానివ్వకూడదు. మనం వాడాల్సింది కండ కంటే ముందుచూపు.

6 ఆదివారాలు, 20 మీటర్లు

బైక్ ఇంటికి వచ్చే ముందే మా అమ్మాయి ఒక షరతు పెట్టింది. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, ఛార్జింగ్ కేబుల్ కొనాలన్నా పది రివ్యూలు చదివే రకం. "నాన్నా, ఆర్‌ఎక్స్ నడిపింది నువ్వే, కాదనను. కానీ ఆ మోకాళ్లు ఇప్పుడు లేవు కదా. కొలిచి చూపించు, అప్పుడు నమ్ముతా" అంది. 

కొలవడానికి స్కూల్లో ఆడిన స్లో సైకిల్ రేస్ గుర్తొచ్చింది. అందరికంటే చివర వచ్చినవాడే గెలిచినట్టు, కాలు కింద పెడితే అవుట్. దగ్గర్లోని ఖాళీ గ్రౌండ్‌లో 20 మీటర్లు సుద్దముక్కతో గీత గీశాం. కాలు ఆనకుండా ఎంత ఆలస్యంగా దాటితే అంత మార్కు. స్టాప్‌వాచ్ ఆమె చేతిలో.

మొదటి ఆదివారం 11 సెకన్లు, అంటే గంటకి దాదాపు 6.5 కిలోమీటర్ల వేగం. మూడో ఆదివారం 17. ఆరో ఆదివారం 24 సెకన్లు, గంటకి 3 కిలోమీటర్లు. మనిషి నడక కంటే నెమ్మది.

ఆ వేగంలో బండి నిలబడటానికి కావాల్సినవి నాలుగే.

ఒకటి, హాఫ్ క్లచ్. ఇంజిన్ పట్టు చక్రానికి అందీ అందనట్టుండే చోట లివర్‌ని ఆపి, రేస్ ఒకేలా ఉంచాలి. క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది కాబట్టి కాసేపు ఇలా వాడినా పాడైపోదు.

రెండు, వెనక బ్రేకు. వేగం తగ్గించడానికి పాదంతో మెల్లగా ఒత్తాలి. హ్యాండిల్ తిప్పి ఉండగా ముందు బ్రేకు ముట్టుకుంటే బరువంతా ఒక్కసారిగా తిప్పిన వైపు పడిపోతుంది. పార్కింగ్‌లో పెద్ద బైకులు పక్కకి పడిపోయే దారుల్లో ఇదొకటి.

మూడు, చూపు. ముందు చక్రం వైపు చూస్తే బండి అక్కడికే ఒరుగుతుంది. యూ-టర్న్‌లో తల తిప్పి, బయటికి వెళ్లాల్సిన చోటు చూడాలి.

నాలుగు, ఆగే ముందు హ్యాండిల్ నిటారుగా ఉండాలి. తిప్పి ఉన్నప్పుడు ఆగకూడదు. ఇది ఒక్కటి అలవాటైతే సగం పని అయిపోయినట్టే.

దీనికి తోడు, తెలిసిన మెకానిక్ షెడ్‌లో ఒక పాత బుల్లెట్‌ని పక్కకి పడుకోబెట్టి లేపడం ప్రాక్టీస్ చేశాను. ఇంజిన్ కిల్ స్విచ్ ఆపాలి, గేర్‌లో ఉంచాలి, కుడి వైపు పడితే ముందే సైడ్ స్టాండ్ తీసి ఉంచాలి. తర్వాత బండికి వీపు చేసి కూర్చుని, సీటుకి నడుం ఆనించి, ఒక చెయ్యి హ్యాండిల్ పట్టుకుని, ఇంకో చెయ్యి వెనక రాడ్ పట్టుకుని, కాళ్ల బలంతో చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ లేవాలి. వంగి నడుంతో ఎత్తితే 48లో మంచం ఎక్కాల్సిందే.

ముందు బ్రేకు భయం

మన ఊళ్లలో బండి నేర్పేటప్పుడు చెప్పే మొదటి మాట "ముందు బ్రేకు వేశావో, పల్టీ కొడతావ్". ఆ మాట విని పెరిగినవాళ్లంతా వెనక బ్రేకు మీదే ఆధారపడతారు. డ్రమ్ బ్రేకులు, సన్న టైర్లు, ఏబీఎస్ లేని రోజుల్లో ఆ భయానికి కొంత అర్థం ఉంది.

వేగంలో ఉన్నప్పుడు మాత్రం బ్రేకు పట్టగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది. అందువల్ల రోడ్డు మీద పట్టు కూడా ముందే ఎక్కువ. 241 కిలోల బండిని 60లో వెళ్తుండగా వెనక బ్రేకుతోనే ఆపాలనుకుంటే రోడ్డు చాలదు. ముందు బ్రేకుని గబుక్కున లాక్కోకుండా, నిమ్మకాయ పిండినట్టు క్రమంగా బలం పెంచుతూ పట్టాలి. నా ప్రాక్టీస్‌లో రెండో సగం అంతా ఇదే. వేగంలో ముందు బ్రేకు ప్రధానం, నడక వేగంలో వెనక బ్రేకు. పాత చెయ్యికీ పాత కాలికీ ఈ రెండూ కొత్తగా నేర్పాలి.

శరీరం అనే పాత హార్డ్‌వేర్

నలభైలు దాటాక దగ్గరి వస్తువులు మసకబారడం మామూలే. దూరంలో ఉన్న లారీ నంబర్ చదవగలను, హ్యాండిల్ మీది ఫోన్‌లో వీధి పేరు చదవలేను. అందుకే నాకు డిస్‌ప్లే రిజల్యూషన్ కంటే అంకె సైజు ముఖ్యం. సూపర్ మీటియర్‌లోని ట్రిప్పర్ నావిగేషన్ చిన్న గుండ్రటి స్క్రీన్ మీద ఒక్క బాణం గుర్తు, దూరం చూపిస్తుంది. టెక్ రివ్యూయర్‌గా "ఇంతేనా" అనిపించింది. 48 ఏళ్ల కళ్లకి మాత్రం అదే చాలు.

ఇంకో సంగతి స్పందించే సమయం. గంటకి 60 కిలోమీటర్లలో బండి సెకనుకి 16.7 మీటర్లు వెళ్తుంది. బ్రేకు పట్టడం అర సెకను ఆలస్యమైతే 8 మీటర్లు, అంటే రెండు కార్ల పొడవు. 60 నుంచి 80కి వెళ్తే బ్రేకు పట్టాక ఆగడానికి కావాల్సిన దూరం దాదాపు 1.8 రెట్లు అవుతుంది. కుర్రతనంలో ఉన్న చురుకుదనం తగ్గితే, దానికి బదులుగా ముందు వాహనానికి దూరం పెంచుకోవడం తప్ప వేరే అప్‌డేట్ లేదు.

అలసట కూడా లెక్కే. హైదరాబాద్ నుంచి శ్రీశైలం 200 కిలోమీటర్లు దాటుతుంది. అడవి దారిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. తిరుగు ప్రయాణంలో గేటు మూసేలోపు దాటాలన్న తొందర, నడుం నొప్పి, చీకటి, ఎదురు లైట్లు ఒకేసారి కలిస్తే ఏ ఏబీఎస్సూ సరిపోదు. నేను అక్కడ రాత్రి ఆగి పొద్దున్నే బయల్దేరాను. అన్నట్టు, మన ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీదికి బైకులకి అనుమతి లేదు, సర్వీస్ రోడ్డే దిక్కు. హైదరాబాద్‌లో ఉంటే రూట్ ప్లాన్‌లో ఇది గుర్తుపెట్టుకోండి.

గ్యాడ్జెట్లు: ఏది అవసరం, ఏది ఆర్భాటం

ఫోన్ మౌంట్: పెద్ద ఇంజిన్ల వైబ్రేషన్ వల్ల ఐఫోన్ కెమెరాలోని ఆప్టికల్ ఇమేజ్ స్టెబిలైజేషన్, ఆటోఫోకస్ దెబ్బతినొచ్చని యాపిల్ 2021లోనే తన సపోర్ట్ పేజీలో హెచ్చరించింది. ఓఐఎస్ ఉన్న ఫోన్ ఏదైనా హ్యాండిల్‌కి నేరుగా బిగించకండి. వైబ్రేషన్ తగ్గించే డ్యాంపర్ ఉన్న మౌంట్ వాడండి, లేదంటే ఫోన్ జేబులోనే ఉంచండి.

క్రాష్ డిటెక్షన్: ఐఫోన్ 14 నుంచి వచ్చిన ఈ ఫీచర్‌ని కార్ల ప్రమాదాల కోసం రూపొందించారు. బైక్ మీద దీన్నే నమ్ముకుని వెళ్లకండి. లైవ్ లొకేషన్ ఇంట్లోవాళ్లకి షేర్ చేయడం, 112 గుర్తుంచుకోవడం మేలు.

హెల్మెట్: అటక మీద ఉన్న పాత హెల్మెట్‌ని అక్కడే వదిలేయండి. లోపలి ఫోమ్ ఏళ్ల తరబడి ఉంటే పనికిరాదు. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ మార్కు లేని హెల్మెట్లు అమ్మడం నిషేధం. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు అద్దాలతోనే ట్రై చేసి కొనాలి.

టైర్ ఇన్‌ఫ్లేటర్: రీఛార్జ్ చేసుకునే చిన్న పంప్. గాలి తక్కువైతే బరువైన బండి మలుపుల్లో మొద్దులా ప్రవర్తిస్తుంది. నా బ్యాగ్‌లో ఎక్కువగా బయటికొచ్చే గ్యాడ్జెట్ ఇదే.

వెనక సీటు పరీక్ష

మా అమ్మాయి ఇంకో షరతు కూడా పెట్టింది. ఆరు ఆదివారాలు, 1,000 కిలోమీటర్లు పూర్తయ్యే వరకు వెనక ఎవరూ కూర్చోకూడదు. నాకూ అదే సబబు అనిపించింది. వెనక కూర్చునే మనిషి బరువు ఎత్తులో ఉంటుంది, కదులుతుంది. ఇందాకటి డిగ్రీల లెక్క మొత్తం మారిపోతుంది.

ఏడో ఆదివారం ఇద్దరం వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకి వెళ్లాం. దారిలో ఆమె పెద్దగా మాట్లాడలేదు. పైన పార్కింగ్ దగ్గర కంకర, పైగా వాలు. నేను ఆపి, ముందు ఆమెని దిగమన్నాను. తర్వాత బండిని ముక్కు పైకి ఉండేలా తిప్పి, గేర్‌లో వేసి పెట్టాను. వాలుకి ముక్కు కిందకి పెడితే 241 కిలోలని వెనక్కి నెట్టడం ఒంటరి మనిషి వల్ల కాదు. ఆమె ఇదంతా చూస్తూ "బండి బాగా నడుపుతావని తెలుసు నాన్నా. ఎలా ఆపుతావోననే భయపడ్డా" అంది. నాకు ఇప్పటిదాకా వచ్చిన రేటింగ్‌లలో అదే పెద్దది.

ఎవరికి సరిపోతుంది?

మన దేశంలో గేర్ ఉన్న మోటార్‌సైకిల్ లైసెన్స్‌కి సీసీ పరిమితి లేదు. యూరప్‌లో ఏ1, ఏ2, ఏ అని మెట్లు ఉన్నాయి. ఇక్కడ 100 సీసీ మీద తెచ్చుకున్న కార్డుతోనే 650 ఎక్కొచ్చు. 40 దాటినవాళ్లు లైసెన్స్ రెన్యూవల్‌కి ఫారం 1ఏ మెడికల్ సర్టిఫికెట్ ఇవ్వాలి, అంతే. మళ్లీ నేర్చుకున్నారా అని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న ఇంట్లోవాళ్లే అడగాలి.

డబ్బు సంగతి కూడా చూసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బైకుల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, అది దాటితే 40 శాతం. 350 సీసీ క్లాస్‌లో 180-195 కిలోల బైకులు ఉన్నాయి. చాలా ఏళ్ల తర్వాత తిరిగొచ్చేవాళ్లకి ఒక ఏడాది వాటి మీద గడపడం జేబుకీ, మోకాళ్లకీ మంచిదే. రెండు పాదాలూ నేలకి ఆని, ప్రాక్టీస్‌కి ఓపిక ఉంటే 650 కూడా అందని పండేం కాదు.

చివరిగా, మీ నాన్నతో షోరూమ్‌కి వెళ్తే ఇంజిన్ సౌండ్ దగ్గరే ఆగిపోకండి. ముందు ఇంజిన్ ఆఫ్‌లోనే బైక్‌ని స్టాండ్ తీసి, పదడుగులు వెనక్కి నెట్టి, తిప్పి, మళ్లీ స్టాండ్ వేయమనండి. తర్వాత ఖాళీ చోట మొదటి గేర్‌లో ఒక యూ-టర్న్ తిప్పమనండి. ఈ రెండూ ఆయాసం లేకుండా చేశారంటే అప్పుడు టెస్ట్ రైడ్‌కి పంపండి. చేయలేకపోతే ఒక సైజు చిన్న బైక్ పక్కనే ఉంటుంది, అదే పరీక్ష దాని మీద పెట్టండి.